గుండ్రని తల కనిపించిన మధ్యాహ్నం

ఇప్పుడు స్కానింగు గదుల్లో కూర్చునే యువ డాక్టర్లైన మీకు మా కాలపు మిషను చూపిస్తే నవ్వు ఆపుకోలేరు. మీ తెరల మీద కడుపులో బిడ్డ ఆవులించడం కూడా కనిపిస్తుంది. మా తెర మీద ఎప్పుడూ ముసురు పట్టినట్టే ఉండేది. ఆ బూడిదరంగు చుక్కల్లోంచి ఏది చెయ్యో, ఏది కాలో, ఏది తలో మేమే ఏరుకోవాలి. అయినా ఆ మిషను మీద నాకు ఇప్పటికీ ప్రేమే. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కరీంనగర్. ఎనభైల చివరి రోజుల్లో, మంచిర్యాలకు కాస్త దూరంలో బొగ్గుబాయిల ఊళ్లో, కార్మికుల కుటుంబాల కోసం నడిచే ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే డాక్టరుగా చేరాను. ఎక్స్‌రే డాక్టరంటే ముఖం తెలియని డాక్టరు. "గాలి పీల్చు, ఆపు, వదులు" అని చీకట్లోంచి వినిపించే గొంతు మాత్రమే జనానికి తెలుసు. నాకూ అదే హాయిగా ఉండేది. ఫిల్ము చూడటం, రిపోర్టు రాసి పంపడం, అంతే. చెడ్డ కబురు ఏదైనా ఉంటే అది చెప్పే పని వేరే వాళ్లది.

కొన్నాళ్లకు ఆసుపత్రికి అల్ట్రాసౌండ్ మిషను వచ్చింది. నన్ను కొద్దివారాలు హైదరాబాదుకు శిక్షణకు పంపారు. అక్కడ నాకు నేర్పిన పెద్దాయన ఒకే మాట పదేపదే చెప్పేవారు. బిడ్డ గుండె కొట్టుకోవడం చూసి మురిసిపోయి లేవొద్దు, ముందు తల దగ్గరికి పో అనేవారు. పుర్రె తెల్లని గుండ్రని గీతలా చుట్టూ తెగకుండా ఉండాలి. నడుమ పాపిట తీసినట్టు సన్నని గీత ఉండాలి. దానికి రెండు పక్కలా మెదడులోని నీటి గదులు ఎక్కువ వెడల్పు కాకూడదు. వెనక చిన్నమెదడు పక్కపక్కన పెట్టిన రెండు ఉండల్లా కనిపించాలి. ఆ తర్వాత వెన్నుపూస, రైలు పట్టాల్లా చివరిదాకా. ఇవన్నీ చూశాకే మిగతాది. ఆ వరుస నేను ఉద్యోగం విడిచేదాకా ఒక్కరోజు కూడా మార్చలేదు.

మా ఆసుపత్రిలో కాన్పుల విభాగం పెద్ద డాక్టరమ్మ చేతుల్లో ఉండేది. నేను నిక్కర్లు తొడుక్కుని తిరిగే రోజుల నుంచే ఆమె కాన్పులు చేస్తున్నారు. మనిషి పొట్టి, మాట గట్టి. నన్ను తమ్మీ అనేవారు, మేమంతా ఆమెను మేడం అనేవాళ్లం. మిషను బిగించిన రోజు వచ్చి, అటూ ఇటూ చూసి, "నా చేతులకే కండ్లున్నయి తమ్మీ, నీ టీవీ నాకెందుకు?" అని వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట చెప్పారు. ఆడో మగో నా నోటి నుంచి రాకూడదట, వస్తే ఆ గదికి తాళం తనే వేస్తారట. దాని మీద చట్టం అప్పటికింకా రాలేదు. మా ఊళ్లో మాత్రం ఆమె మాటే చట్టం.

ఆమె పొగరుకు అర్థం ఉంది. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ ఎటు తిరిగి ఉందో, ఎంత బరువుందో చెప్పేవారు. అవి తప్పగా నేను చూడలేదు. ఒక్కసారి తప్ప.

తొంభైల మొదట్లో సంగతి. బాయిలో బొగ్గు నింపే పని చేసే ఒక కార్మికుడి భార్య ఏడో నెలతో వచ్చింది. ధర్మపురి దగ్గర పల్లె ఆ అమ్మాయి పుట్టిల్లు. సన్నగా ఉండేది కానీ కడుపు మాత్రం నెలలకు మించి పెరిగింది. ఆసిఫాబాద్ వైపు ఊళ్లో ఉండే అత్త ఆమెకు తోడుగా వచ్చింది. పొడుగాటి మనిషి, నుదుటి మీద పచ్చబొట్టు. అంతకుముందు వచ్చినప్పుడే మేడం కడుపు తడిమి కవలలేమో అన్నారు. అప్పటి నుంచి ఆ అత్త ఊయలలకని రెండు పాత చీరెలు ఉతికి దాచిందని తర్వాత తెలిసింది. ఈసారి కూడా రెండు తలలూ చేతికి సరిగ్గా తగలకపోవడంతో, మేడం మొదటిసారి తనంతట తానుగా ఒక మనిషిని నా గదికి పంపారు. చీటీ మీద "కవలలా చూడు" అని రాసి ఉంది.

నేను కడుపు మీద ఆనించి బొమ్మ తీసే ప్రోబు పెట్టాను. నల్లని నీళ్లు చాలా ఉన్నాయి, కావలసిన దానికన్నా చాలా ఎక్కువ. అందులో ఒక్క బిడ్డే. గుండె బాగా కొట్టుకుంటోంది. అలవాటు ప్రకారం తల దగ్గరికి వెళ్లాను. ముఖం దొరికింది, రెండు కళ్లు దొరికాయి. కనుబొమల పైన తెల్లని గుండ్రని గీత ఉండాల్సిన చోట ఏమీ లేదు. అమ్మాయిని ఎడమకు తిప్పాను, కుడికి తిప్పాను, లేచి కాసేపు నడిచి రమ్మన్నాను. మళ్లీ చూశాను. పుర్రె లేదు. పుర్రె కింద ఉండాల్సిన మెదడూ లేదు.

రిపోర్టు రాసి పంపితే నా పని అయిపోయేది. కానీ ఆ రోజు కలం తీయబుద్ధి కాలేదు. నేనే లేచి మేడం గదికి వెళ్లి పిలుచుకొచ్చాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని తెర ముందు వంగారు.

"రెండో బిడ్డ ఏది?"

"రెండోది లేదు మేడం. ఉన్న ఒక్కదానికీ నెత్తి లేదు" అన్నాను మెల్లగా.

ఆమె ఒకసారి అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసి, మళ్లీ తెర వైపు చూశారు. తర్వాత ఆ అమ్మాయిని చెయ్యి పట్టి లేపి, వరండాలో బల్ల మీద అత్త పక్కన కూర్చోబెట్టి, తనూ ఆ బల్ల మీదే కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"నేను తప్పు చెప్పిన అక్కా. కవలలు గాదు. ఒక్కటే బిడ్డ, గా బిడ్డ బతకది."

నా ఉద్యోగమంతా వెతికినా, అంత పేరున్న డాక్టరు అంతమంది వినేటట్టు నేను తప్పు చెప్పిన అనడం మళ్లీ వినలేదు. ఆమె మీద నాకు గౌరవం పెరిగిందంటే చిన్న మాట. ఆ బల్ల దగ్గర ఆమె పక్కన నిలబడి ఉన్నందుకే నాకు గర్వమనిపించింది.

అత్త ఏడవలేదు. "మల్లా గదేనా?" అంది. అప్పుడు తెలిసింది, ఈ అమ్మాయికి ఇది రెండో బిడ్డ. మొదటిది కూడా ఇలాగే నెత్తి లేకుండా, ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టి పోయిందట. గ్రహణం పట్టిన రోజు కోడలు వాకిట్లో నిలబడిందనీ, చెబితే వినలేదనీ అత్త వరండాలో ఉన్నవాళ్లందరికీ చెప్పింది. అమ్మాయి తల ఎత్తలేదు.

మేడం కాన్పు చేశారు. బిడ్డ ప్రాణంతో రాలేదు. వారం తిరగకుండా పుట్టింటివాళ్లు వచ్చి అమ్మాయిని తీసుకుపోయారు. తీసుకుపోయారనడం కన్నా, అత్త పంపేసిందనడం సరైనది. కొడుక్కి ఇంకో సంబంధం చూస్తోందని మా నర్సుల దాకా కబురు వచ్చింది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఆ కార్మికుడు నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినట్టున్నాడు, జుట్టు ఇంకా తడిగా ఉంది, కంటి అంచుల్లో మాత్రం కాటుకలా బొగ్గు మిగిలింది. లోపలికి రమ్మన్నాను. కూర్చోలేదు.

"సారూ, మీరైతే కండ్లతోని చూసిండ్రు. మా ఆమెది తప్పా?"

చీకట్లోంచి గొంతు మాత్రమే అయిన నన్ను, ముఖం చూసి అడిగిన మొదటి మనిషి అతను. తప్పు ఎవరిదీ కాదని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అతనికి కావలసింది ఓదార్పు కాదని అర్థమైంది. కాగితం తీసి బొమ్మ గీశాను. కడుపు నిలిచిన మొదటి నెలలోనే, నెల తప్పిందన్న సంగతి ఆడమనిషికి సరిగ్గా తెలిసీ తెలియకముందే, బిడ్డ మెదడు ఒక పలచని రేకులా మొదలై, చుట్టుకుని గొట్టమవుతుంది. ఆ గొట్టం పైనా కిందా మూసుకోవాలి. పైన మూసుకోకపోతే దాని మీద పుర్రె కట్టదు. లోపల ఉన్న మెత్తని మెదడు ఉమ్మనీటిలో నాని పాడైపోతుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, ఆమె నిలబడ్డ వాకిలికీ లేదు.

అతను ఆ బొమ్మలో పైన మూసుకోని చోట వేలు పెట్టాడు. "అంటే కప్పుకు దన్ను వెట్టలే. అందుకే లోపలిది ఆగలే" అన్నాడు. పైకప్పు కూలకుండా దుంగలు దన్ను పెట్టుకుంటూ బాయిలో పనిచేసేవాడికి కప్పు సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ ఇలాగే అవుతుందా అని అడిగాడు. కావచ్చు, కాకపోవచ్చు, మిగతావాళ్ల కన్నా భయం ఎక్కువే అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దండం పెట్టి వెళ్లిపోయాడు.

మా ఆసుపత్రి గ్రంథాలయానికి విదేశీ వైద్య పత్రికలు పోస్టులో నెలల తరబడి ఆలస్యంగా వచ్చేవి. ఎక్స్‌రే వాళ్లకు పనికొచ్చేవి ఏమన్నా ఉన్నాయా అని తిరగేస్తుంటే, ఆ సంగతే ఒకదానిలో కనిపించింది. ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు, మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ గోలీలు ఎక్కువ మోతాదులో ఇస్తే చాలామందిలో ఆ గొట్టం సరిగ్గా మూసుకుంటోందట. పత్రిక చంకలో పెట్టుకుని మేడం దగ్గరికి దాదాపు పరుగెత్తాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని ఒకసారి చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"గిది రక్తానికిచ్చే గోలీయే గద తమ్మీ" అన్నారు. టేబులు సొరుగు లాగి ఒక సీసా తీసి నా ముందు పెట్టారు. ఇన్నేళ్లుగా అక్కడే ఉంది అది. తర్వాత ఆమె, "పిలిపియ్యి వాణ్ని" అన్నారు.

పిలిపించాం. అంతా విన్నాక అతను ఒక్క ప్రశ్నే అడిగాడు, మందు తనూ మింగాలా అని. అక్కర్లేదు, భార్యను తెచ్చుకుంటే చాలు అన్నారు మేడం. అతను ఊరికి పోయి, పెండ్లి మాట ఇంకోసారి ఎత్తితే ఆ గడప తొక్కనని తల్లికి చెప్పి, అటు నుంచి అటే ధర్మపురి బస్సు ఎక్కాడట. భార్యతో తిరిగివచ్చాడు. మేడం ఇద్దరినీ కూర్చోబెట్టి, తను చెప్పేదాకా గర్భం రావద్దనీ, గోలీ ఒక్కరోజు తప్పొద్దనీ, నెల తప్పాక కూడా మానొద్దనీ గట్టిగా చెప్పారు. మొదటి షిఫ్టుకు పోయేముందు అతనే నీళ్ల గ్లాసు, గోలీ భార్య చేతికిచ్చి, మింగిందాకా నిలబడేవాడని తర్వాత ఆ అమ్మాయే నవ్వుతూ చెప్పింది.

మరుసటి ఏడు ఆమె నెల తప్పింది. మేడం నన్ను తొందరపడనివ్వలేదు. నాలుగో నెల దాటి తల, వెన్నెముక రెండూ బాగా కనిపించే సమయం వచ్చాకే పంపుతానన్నారు. ఆ రోజు కోసం ఎదురుచూడటం నాకు ఎలా ఉందంటే, నా పరీక్షల ఫలితాల కోసం కూడా నేను అంత పరేషాన్ కాలేదు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. అమ్మాయిని, భర్తను మేడమే వెంటబెట్టుకొచ్చారు. వాళ్ల వెనకే, ఎవరూ పిలవకుండానే, ఊరి బస్సు దిగి అత్త వచ్చింది. కోడలితో ఏడాదిగా మాట లేదు. తను లోపలికి వస్తానంది. మా గదిలోకి బయటివాళ్లను రానివ్వం. నేను మేడం వైపు చూశాను. "రానియ్యి తమ్మీ" అన్నారు. భర్త మాత్రం లోపలికి రానని తలుపు బయటే నిలబడ్డాడు.

ప్రోబు పెట్టాను. గుండె కొట్టుకుంటోంది. కాళ్లు తన్నుతున్నాయి. తల మాత్రం బాగా కిందికి, తల్లి కటి ఎముక వెనక్కి దూరి ఉంది. ఎటు నుంచి చూసినా నీడే. మేడం దగ్గరికి వచ్చి, చేతులు కడుపు అడుగుకు పోనిచ్చి, బిడ్డను మెల్లగా పైకి నెట్టారు. కళ్లున్న చేతులే అవి. తెర మీద ఒక మూల తెల్లని వంపు మెరిసింది.

కరెంటు పోయింది.

ఎక్స్‌రే గదికి కిటికీ ఉండదు. జనరేటరు ఆపరేషన్ థియేటరుకే. తెర ఆరిపోయింది, ఫ్యాను ఆగిపోయింది. పక్కన ఉన్న మనిషి కూడా కనిపించని చీకటి.

"కనవడ్డదా సారూ?" అని అమ్మాయి అడిగింది.

"ఇంకా లేదమ్మా" అన్నాను. ఆ తెల్లని వంపు పుర్రెదో, భుజానిదో నాకే తెలియదు. తెలియనిది చెప్పలేను.

కొంతసేపటికి స్టూలు ఉన్న వైపు నుంచి అత్త గొంతు వినిపించింది. ఎవరితో అంటోందో తెలియనట్టు, నెమ్మదిగా మాట్లాడింది.

"నాకు గూడ గట్లనే పుట్టింది. తొలుసూరు."

మేడం గొంతు ఆ వైపుకు తిరిగింది. "కొడుకు కన్నా ముందా?" అని అడిగారు.

"ముందే. మా అత్తకు, మంత్రసానికి, నాకు, ముగ్గురికే ఎర్క. తెల్లారకముందే బొంద పెట్టిచ్చిండ్రు. గప్పుడు గ్రహణం గూడ లేకుండె."

"మరి గీ పిల్లను గన్ని మాటలెందుకన్నవ్ అక్కా?"

అత్త గొంతు ఇంకా తగ్గించింది.

"నన్నంటరని."

ఆ చీకట్లో నాకు వినిపించింది గాజుల చప్పుడొక్కటే. అమ్మాయి పడుకున్న చోటి నుంచి చెయ్యి చాపిందని అర్థమైంది. స్టూలు కిర్రుమని బల్ల దగ్గరికి జరిగింది. తలుపు అవతల అతను విన్నాడో లేదో నాకు తెలియదు. విన్నా, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

కరెంటు వచ్చింది. మా మిషనుకు మళ్లీ తెలివి రావడానికి కాస్త సమయం పట్టేది. ఆ సమయమంతా నేను తెర వైపే చూశాను, పక్కకు చూస్తే వాళ్ల ముఖాలు చూడాల్సి వస్తుందని. మేడం మళ్లీ చేతులు ఆనించారు. ప్రోబును ఒక్క వేలి వెడల్పు జరిపాను.

గుండ్రంగా వచ్చింది. తెల్లగా, ఎక్కడా తెగకుండా, చుట్టూ నిండుగా వచ్చింది. నడుమ పాపిట.

లేచి అరవాలనిపించింది. కానీ అరవలేదు, ఆగలేదు కూడా. నేర్చుకున్న వరుస ఉంది కదా. నీటి గదులు కొలిచాను, ఉండాల్సినంతే ఉన్నాయి. వెన్నెముకలో ఎక్కడైనా తెరుచుకుని ఉంటే నుదుటి దగ్గర పుర్రె రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోతుంది, అలా లేదు. చిన్నమెదడు రెండు ఉండలుగా చక్కగా ఉంది. వెన్నుపూస పట్టాలు చివరిదాకా చూశాను. మళ్లీ తలకు వచ్చి బొమ్మను ఆపాను. అప్పుడు నోరు విప్పాను.

రోగులతో నాలుగు ముక్కలు మించి మాట్లాడని నేను ఆ రోజు ఆపకుండా మాట్లాడాను. ఇదీ నుదురు, ఇదీ వెనకతల, ఇదీ మెదడులో నడిమి గీత అని వేలితో చూపించాను. మిషనుకు అన్నీ కనిపించవు, పుట్టాక మళ్లీ పరీక్ష చేస్తాం, కానీ మీరు భయపడ్డ జబ్బు మాత్రం ఈ బిడ్డకు లేదు అని చెప్పాను. అమ్మాయి ఏడుస్తూ వింది. అత్త లేచి వచ్చి, తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడింది.

"గింత సక్కగుంటదా సారూ, తలకాయ?" అంది.

మేడం తలుపు తీసి భర్తను లోపలికి లాక్కొచ్చారు. అతను తెర చూసి, నా వైపు చూసి, "కప్పు పడ్డది" అన్నాడు. ఆ మాటకు ఆ గదిలో నవ్వింది మేమిద్దరమే. ఆడవాళ్లకు అర్థం కాలేదు. బాయి భాషలో కప్పు పడితే కొంప మునిగినట్టని మేడంకు గుర్తొచ్చి, "ఎక్కింది అనురా, పడ్డది అనకు" అని మందలించారు. అప్పుడు అందరూ నవ్వారు.

ఆ రోజు నుంచి మేడం గర్భిణులను వరుసగా నా గదికి పంపడం మొదలుపెట్టారు. నా మధ్యాహ్నపు కునుకు అక్కడితో సరి. వానల తర్వాత ఆ అమ్మాయికి కాన్పయింది. ఆడపిల్ల. ఎక్స్‌రే డాక్టరును కాన్పు గదికి పిలవడం మా ఆసుపత్రిలో అదే మొదలు. మేడం బిడ్డను నా చేతుల్లో పెట్టి, నీ టీవీల చూసినదే, ఇప్పుడు చేతులతోని చూడు అన్నారు. ఆ చిన్న తలను అరచేతిలో పట్టుకున్నాను. వెచ్చగా, తడిగా, నిండుగా ఉంది. తెర మీద ఎన్ని వందల తలలు చూసినా అది నాకు అప్పటిదాకా తెలియని సంగతి.

పిల్లలూ, ఆ తర్వాత పెద్ద మిషన్లు వచ్చాయి, నేనూ పెద్ద హోదాలకు వెళ్లాను, సన్మానాల శాలువాలు కొన్ని బీరువాలో ఉన్నాయి. కానీ నా పని మీద నాకున్న గర్వం చెప్పాలంటే ఇంకో చిన్న దృశ్యం ఉంది.

ఆ పాప నడక నేర్చే రోజుల్లో, బుధవారం పూట మా వరండా బల్ల మీద ఆసిఫాబాద్ వైపు పల్లెల ఆడపిల్లలు కూర్చోవడం మొదలైంది. కొందరు గర్భిణులు, కొందరు అప్పుడే పెళ్లయిన వాళ్లు. ఎవరు పంపారో మాకు మొదట తెలియలేదు. ఒకరోజు ఫిల్ము ఆరబెట్టడానికి బయటికి వస్తుంటే గొంతు గుర్తుపట్టి గుమ్మానికి కట్టిన పరదా వెనక ఆగాను. నుదుటి మీద పచ్చబొట్టున్న ఆ పొడుగాటి మనిషి, బస్సులో తనతో తెచ్చిన ఆడపిల్లల నడుమ కూర్చుని మాట్లాడుతోంది. గోలీలు ఎప్పుడు మొదలుపెట్టాలో, డాక్టరమ్మకు ఏం చెప్పాలో వివరిస్తోంది. కొత్త పెళ్లికూతురొకతి, ఇదంతా నీకెట్లా తెలుసు అవ్వా అని అడిగింది.

"నా తొలుసూరుకు నెత్తి లేకుండె బిడ్డా" అంది ఆమె, వరండా అంతా వినిపించేటట్టు. "ఇన్నేండ్లు దాచిన. మీరు దాచకుండ్రి. లేవుండ్రి, లోపలికి పోదాం."